ఆరో మెట్టు

పాత బడి మెట్లు ఎక్కేటప్పుడు పెద్దమేస్త్రి ఇంటివాళ్ళెవరూ ఆరో మెట్టు మీద కాలు పెట్టరు. అయిదో మెట్టు మీంచి ఏడో మెట్టు మీదికి ఒకటే అంగ. కాళ్ళు అందని పిల్లలు చేతిబద్ద పట్టుకుని వేలాడుతూ దాటుతారు. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "అది తాతగారి మెట్టు" అని జవాబు. తాతగారంటే మామూలు తాత కాదు, పెద్దమేస్త్రికి తాతకు తాత. ఆ మెట్లు చేసిన మనిషి. ఆయన మీది గౌరవం కొద్దీ ఆ ఒక్కదాన్నీ తొక్కకుండా వదిలేస్తున్నామని ఆ ఇంట్లో అందరి నమ్మకం.

సోమవారం పొద్దున్న పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఆ మెట్ల ముందు నిలబడ్డప్పుడు కూడా పెద్దమేస్త్రి, విప్పే ముందు ఒకసారి పైదాకా ఎక్కి చూద్దామని బయల్దేరి, అలవాటు కొద్దీ ఆరోది దాటే ఎక్కాడు. అరవై రెండేళ్ళ మోకాలు కలుక్కుమంది.

"చూశారట్రా, గౌరవానికి కూడా వయసు అడ్డొస్తోంది," అని కింద ఉన్న పనివాళ్ళతో అని తనే నవ్వాడు.

బడి అప్పటికే ఖాళీ. గోడలు నిలువునా బీటలు వారాయి కాబట్టి పడగొట్టక తప్పదన్నారు. బల్లలూ బీరువాలూ వెళ్ళిపోయాయి. నల్లబల్లలు ఊడదీసిన చోట గోడ మీద తెల్లటి నలుచదరాలు మిగిలాయి. వీధికి అటువైపు కొత్తగా గ్రంథాలయం కట్టారు. దాని మేడమీద చదువుకునే గది. ఆ గదికి ఈ మెట్లే పెట్టాలని పట్టుబట్టింది హెడ్మాస్టరమ్మ. "సిమెంటు మెట్లు ఎవరైనా కడతారు మేస్త్రిగారూ. వీటి మీద కూర్చుని నేను ఎక్కాలు నేర్చుకున్నాను," అంది. ఎక్కాలు నేర్చుకున్నదీ, తన్నులు తిన్నదీ పెద్దమేస్త్రి కూడా వాటి మీదే. పదిహేడు మెట్లూ నడిమధ్యన అరిగి, నీళ్ళు పోస్తే నిలిచేలా గుంటలు పడి ఉన్నాయి. ఒక్కో గుంటా ఎన్ని వేల కాళ్ళు తొలిచిన పనో!

"మరి వీటిని విప్పడం వేరేవాళ్ళ వల్ల అయ్యేది కాదు కదా," అంది హెడ్మాస్టరమ్మ, ఆయన నోట కథ మరోసారి వినాలని.

కథ చెప్పమంటే పెద్దమేస్త్రికి ఆకలి కూడా గుర్తుండదు. అప్పుడిది బడి కాదు, ధాన్యం వ్యాపారి ఇల్లు. పద్దెనిమిది వందల డెబ్భై నాలుగు. వ్యాపారి పట్నం నుంచి ఇనుము తెప్పించి, పట్నం వాళ్ళతోనే మెట్లు పెట్టిస్తానన్నాడు. నాగళ్ళూ బండిచక్రాలూ చేసుకునే ఈ ఊరి వడ్రంగి ఒకడు లేచి, "మేకు ముట్టకుండా చేసిస్తాను, నిలవకపోతే నా ఉలి మీ గుమ్మంలో పాతేసి పోతాను" అన్నాడు. పదకొండు నెలలు పట్టింది. ప్రతి మెట్టు చివరా నాలుకలా చెక్కి, పక్క దూలాల్లో గాడి తొలిచి దించి, ఆవల చెక్క చీల బిగించాడు. ఒక్క మేకు లేదు. రెండో కోత లేదు. గీసిన గీత మీద పడిన ఉలి మళ్ళీ పడలేదు. అంతా అయ్యాక వ్యాపారికి నమ్మకం కుదరక, దొడ్లోంచి ఎద్దుల జతను తోలుకొచ్చి మేడమీదికి ఎక్కించాడు. కిర్రుమనలేదు!

"జతనా?" అంది హెడ్మాస్టరమ్మ. "మీ నాన్నగారు ఒక ఎద్దు అనేవారే?"

పొడుగు అని పిలిచే పాత పనివాడు గొంతు సవరించుకున్నాడు. పెద్దమేస్త్రి తాత చెప్పినప్పుడు ఎక్కింది లేగదూడ. నాన్న నాటికది ఎద్దయింది. పెద్దమేస్త్రి చేతిలో జతయింది. "నీ మనవడి నాటికి ఏనుగు ఎక్కుతుందన్నయ్యా," అని తమ్ముడు ఒకసారి వడ్రంగి కొట్టంతా వినేలా అన్నాడు కూడా. ఆ తమ్ముడు కొట్టుకు రావడం మానేసి ఆరేళ్ళయింది.

"ఏదైనా గానీ, ఎక్కిందా లేదా అది ముఖ్యం," అని పెద్దమేస్త్రి కొయ్యసుత్తి అందుకున్నాడు.

ఆ రోజంతా చీలలు తీయడంతోనే సరిపోయింది. ప్రతి మెట్టుకూ సుద్దతో అంకె వేశాడు. ప్రతి చీలనూ దాని అంకెతో సహా గుడ్డలో కట్టాడు. పనివాళ్ళను చీల ముట్టనివ్వలేదు. సుత్తితో రెండు దెబ్బలు, చెవి పెట్టి వినడం, మళ్ళీ ఒక దెబ్బ. చీల ఊడి చేతిలో పడ్డప్పుడల్లా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. నూట ముప్పై ఏళ్ళు చీకట్లో ఉన్న టేకు, నిన్న కోసినట్టే ఘుమఘుమలాడింది.

"చిన్నమేస్త్రి ఉంటే అన్నదమ్ములు చెరో దూలం పట్టేవాళ్ళు," అన్నాడు పొడుగు, ఎవరితోనో అన్నట్టు.

పెద్దమేస్త్రి తర్వాతి చీల మీద సుత్తి వేశాడు.

*

మంగళవారం కుడివైపు దూలం విడదీయాలి. చీలలన్నీ వచ్చేశాయి కాబట్టి దూలాన్ని పక్కకు లాగితే పదిహేడు నాలుకలూ గాళ్ళలోంచి జారి రావాలి. పైనుంచి ఇద్దరు, కింద ఇద్దరు పట్టుకుని మెల్లగా కదిపారు. పైవైపు అంగుళం వచ్చింది. కిందివైపూ వచ్చింది. మధ్యలో ఎక్కడో పట్టేసింది.

"ఆపండి, ఆపండి!" అని పెద్దమేస్త్రి కిందికి వంగి చూశాడు. పదహారు నాలుకలు వదిలాయి. ఆరోది వదల్లేదు.

"తాతగారికి మనసు రావట్లేదు," అన్నాడు ఒకడు.

"మీరు పోయి టీ తాగి రండి. నే చూస్తా."

వాళ్ళు వెళ్ళాక మెట్ల కిందికి పాక్కుంటూ దూరాడు. చిన్నప్పుడు పంతుళ్ళు అల్లరి పిల్లల్ని శిక్షగా కూర్చోబెట్టే చోటది. బూజు, పాత సుద్దముక్కలు, ఎవరో ఉలితో కాక గోటితో గీసుకున్న బొమ్మలు. వెల్లకిలా పడుకుని టార్చి వేశాడు. ఆరో మెట్టు అడుగున, కుడి చివర, బొటనవేలి గోరంత చోటు చుట్టూ ఉన్న చెక్క కంటే కాస్త నున్నగా మెరిసింది. వేలితో రాశాడు. చెక్క కాదు. లక్క, మైనం, రంపపు పొట్టు కలిపి కూరిన ముద్ద. ఉలి మొనతో గీకాడు. ముద్ద పెళ్ళలుగా రాలి మొహం మీద పడింది. దాని వాసన తగిలేసరికి ఒక్కసారి నాన్న కొట్టు, నాన్న పొయ్యి మీద కరిగే లక్క గిన్నె, అన్నీ కళ్ళముందు నిలిచాయి. మా ఇంట్లో కలిపే పాళ్ళే, అనుకున్నాడు. అప్పటి నుంచీ ఇవే పాళ్ళన్నమాట.

ఆ సంతోషం పూర్తికాక ముందే ఉలికి ఏదో టక్కున తగిలింది.

మేకు తల. కమ్మరి కొలిమిలో కొట్టిన నాలుగు పలకల మేకు, తుప్పు పట్టి నల్లగా.

పెద్దమేస్త్రి టార్చి ఆర్పేశాడు. మళ్ళీ వెలిగించాడు. మేకు ఎక్కడికీ పోలేదు.

పట్టకారుతో పట్టి, అటూ ఇటూ ఆడించి లాగితే కీచుమంటూ వచ్చింది. వెంటనే దూలం, ఇన్నేళ్ళూ బిగపట్టిన ఊపిరి వదిలినట్టు, ఆయన భుజం మీదికి ఒరిగింది. గాడిలోకి టార్చి వేసి చూశాడు. చూడకపోతే బాగుండేది. గాడి వేలి మందం ఎక్కువ తొలిచి ఉంది. ఆ సందులో పలచటి చెక్కముక్క ఒకటి దోపి, అది కదలకుండా కింది నుంచి ఏటవాలుగా మేకు దించారు. మొదట గీసిన గీత ఇంకా సన్నగా కనిపిస్తూనే ఉంది. ఉలి గీతకు లోపలివైపు పడాలి. బయటివైపు పడింది. ఉలి పట్టిన మొదటి నెలలో కుర్రాళ్ళు చేసే తప్పు.

తమ్ముడు చేసింది కూడా సరిగ్గా అదే. భోజనాల బల్ల కాలికి గాడి తొలిచేటప్పుడు గీతకు అవతలి పక్క కొట్టాడు. ముక్క దోపి, మేకు దించి, పైన మైనం కూరాడు. ఆరోజు పని తడిమి చూస్తుంటే పెద్దమేస్త్రి బొటనవేలు ఆ మైనం మీద ఆగింది. నలుగురు పనివాళ్ళూ చూస్తుండగా తమ్ముడి చేతిలోంచి ఉలి లాక్కుని ఆయన అన్న మాట, ఆరేళ్ళయినా ఆ కొట్టు గోడలకి గుర్తే: "మన వంశంలో మేకు కొట్టిన చెయ్యి ఇంతవరకూ పుట్టలేదు. ఇది మన చెయ్యి కాదు."

బయట పనివాళ్ళ మాటలు వినిపించాయి. పెద్దమేస్త్రి మేకును గబగబా జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రాలిన మైనం ముక్కలు ఏరి అవీ జేబులో వేసుకున్నాడు. బయటికొచ్చేసరికి తలంతా బూజు.

"వచ్చిందా మేస్త్రిగారూ?"

"వచ్చింది. చెక్క ఉబ్బి పట్టేసింది, అంతే."

జన్మలో చెక్క గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. నాలుక మీద తుప్పు రుచి తగిలింది.

*

మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య అడిగింది, "ఏమైంది, ఉలి విరిగిందా?"

"ఏం కాలేదు."

"అయితే తినండి."

తినలేకపోయాడు. జేబులోంచి రుమాలు తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ విప్పి చూసి, "ఏ గుర్రపు లాడందో," అంది. జరిగింది విన్నాక మేకును మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, తన చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అందుకేనేమో," అంది చివరికి.

"ఏమిటి అందుకే?"

"ఆ మెట్టు తొక్కొద్దనడం. ఊడుతుందని భయపడి ఉంటాడు ఆ ముసలాయన. ఇంట్లో పిల్లల్ని దాని మీద కాలు పెట్టొద్దని తిట్టి ఉంటాడు. ఆ పిల్లలు వాళ్ళ పిల్లలకి చెప్పారు. నేను కాపరానికొచ్చిన కొత్తలో మీ అమ్మ నాకూ చెప్పింది. మీరంతా కలిసి దాన్ని గౌరవం చేశారు."

పెద్దమేస్త్రికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ గొంతులోనే చిక్కుకుని పొలమారింది. ఆవిడ నీళ్ళ గ్లాసు ముందుకు తోసింది.

"పడేస్తే?" అన్నాడు. "ఆ కాలవలో పడేస్తే ఎవరికి తెలుస్తుంది? కొత్త ముక్క చెక్కి, సరిగ్గా బిగించి, నాలుగు తరాల నాడు ఉండాల్సినట్టే చేసేస్తాను."

"పడేయండి. మీ చేతిలోదే కదా." ఆవిడ లేచి గిన్నెలు తీసింది. "మీ తాతలు నేతులు తాగారని ఊళ్ళో వాళ్ళందరికీ మూతి వాసన చూపించింది మీరు. ఆ వాసన పడక ఇల్లు వదిలి పోయింది మీ తమ్ముడు. వాడికొక్కడికైనా చెప్పి పడేయండి."

బుధవారం పొద్దున్న హెడ్మాస్టరమ్మ కొట్టుకే వచ్చింది. చేతిలో కాగితం. మెట్ల పక్కన గోడకి చెక్కపలక ఒకటి పెట్టాలట. దాని మీద మాటలు పెద్దమేస్త్రే తన ఉలితో చెక్కాలట. చదివి వినిపించింది: "ఈ ఊరి వడ్రంగి చేతిపని. పదిహేడు మెట్లు. ఒక్క మేకు లేకుండా."

"బావుందా?"

మంచి టేకు పలక ఒకటి అప్పటికే చిత్రిక పట్టి బల్లమీద సిద్ధంగా ఉంది. పెద్దమేస్త్రి దాని మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. చెప్పేస్తే అయిపోతుంది అనుకున్నాడు.

"శనివారం నాటికి చూద్దామమ్మా," అన్నాడు. ఆవిడ వెళ్ళగానే చొక్కా తొడుక్కుని బయల్దేరాడు.

*

తమ్ముడి షెడ్డు ఊరి చివర, పళ్ళ బజారు వెనకాల. దూరం నుంచే సుత్తుల చప్పుడు వినిపించింది, రేకుల మీద వాన పడుతున్నట్టు. ఆరుగురు మనుషులు నేలమీద కూర్చుని పళ్ళ పెట్టెలు కొడుతున్నారు. తమ్ముడు మధ్యలో ఉన్నాడు. పెదాల మధ్య నాలుగు మేకులు. ఒక్కొక్కటే తీయడం, పెట్టడం, రెండే దెబ్బలు. తల ఎత్తి అన్నను చూశాడు. మేకులు నోట్లోంచి తీశాడు.

"రా అన్నయ్యా," అన్నాడు, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషిని పిలిచినట్టు. "స్టూలు లేదు. పెట్టె మీద కూర్చో. విరగదులే."

"నీతో మాట్లాడాలి రా."

"పదకొండింటికి లారీ వస్తుంది. ఇంకా నలభై పెట్టెలు కొట్టాలి. మాట్లాడాలంటే చెయ్యాడిస్తూ మాట్లాడు." ఓ సుత్తి అన్న వైపు జరిపాడు. అందులో ఎగతాళి ఉందేమోనని పెద్దమేస్త్రి వెతికాడు. కనిపించలేదు. నిజంగానే నలభై పెట్టెలు తక్కువున్నాయి.

కూర్చున్నాడు. పెట్టె చెక్క మెత్తన, పలచన. టేకు పక్కన అసలిది చెక్కేనా అనిపించేది. మేకు నిలబెట్టి కొట్టాడు. వంగింది. పీకి ఇంకోటి కొట్టాడు. చెక్క చివర నుంచి నిట్టనిలువునా చీలింది. ఎదురుగా ఉన్నతను నవ్వు దాచుకోవడానికి దగ్గాడు.

"కొట్టకన్నయ్యా. దింపు," అన్నాడు తమ్ముడు. "నువ్వు కోపంగా కొడుతున్నావు. ఇంకో సంగతి, మేకు మొన వాడిగా ఉంటే చెక్కను చీలుస్తుంది. మొనను ముందు మొద్దు చెయ్యాలి. ఇలా." మేకును తలకిందులుగా రాయి మీద ఆనించి మొన మీద చిన్న దెబ్బ వేశాడు. "ఇప్పుడది చీల్చదు. నలుపుకుంటూ పోతుంది. చూడు."

పెద్దమేస్త్రి అలాగే చేశాడు. మేకు మెత్తగా దిగింది. చెక్క చీలలేదు. ఆయన చెయ్యి ఆగిపోయింది. నిన్న తను పీకిన మేకు మొన కూడా చదునుగానే ఉంది. పీకేటప్పుడు అరిగిందనుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి, విప్పి, తమ్ముడి మోకాలి మీద పెట్టాడు.

తమ్ముడు దాన్ని ఎత్తి వెలుగులో తిప్పి చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"ఆరో మెట్టుదా?" అన్నాడు.

సుత్తుల చప్పుడు ఆగలేదు గానీ పెద్దమేస్త్రికి మాత్రం ఏమీ వినిపించలేదు కాసేపు.

"నీకు... తెలుసా?"

"మూడో తరగతిలో పంతులు నన్ను మెట్ల కింద కూర్చోబెట్టని రోజేది? పనేమీ లేక వేలితో తడుముతుంటే దొరికింది. పరిగెత్తుకుంటూ కొట్టుకొచ్చి నాన్నకి చెప్పాను. నువ్వప్పుడు దూలానికి గాడి తొలుస్తున్నావు, వినపళ్ళేదు నీకు." తమ్ముడు మేకు తలను బొటనవేలితో రాస్తున్నాడు. "ఆదివారం బడి లేనప్పుడు నాన్న నన్ను తీసుకెళ్ళాడు. ఇద్దరం దాని కింద పడుకున్నాం. లక్క ఎంత, మైనం ఎంత, పొట్టు ఎంత, ఎలా వేడి చెయ్యాలి, అన్నీ చెప్పి నా చేతే కూరించాడు. మైనం కలపడం నేను నేర్చుకున్నది ఆ మెట్టు కిందేనన్నయ్యా."

పెద్దమేస్త్రి జేబులో మైనం పెళ్ళలు ఇంకా ఉన్నాయి. తాతకు తాతవి అనుకుని వాసన చూసినవి. తొమ్మిదేళ్ళ తమ్ముడు కూరినవి.

"నాతో ఎందుకు చెప్పలేదు నాన్న?"

"వద్దన్నాడు. 'అన్నయ్యకి చెప్పకు రా. వాడు ఆ కథ పట్టుకుని ఉలి నేర్చుకుంటున్నాడు. నువ్వు కథ లేకపోయినా నేర్చుకుంటావు' అన్నాడు." తమ్ముడు చిన్నగా నవ్వాడు. "నేను ఎగిరి గంతేశాను, నాన్న నన్ను పొగిడాడని."

లారీ హారను వినిపించింది. తమ్ముడు గేటు వైపు చూసి, "పావుగంట ఆగమను," అని ఒకతనితో చెప్పాడు. మళ్ళీ పెట్టె ముందుకు లాక్కున్నాడు. ఇద్దరూ కొట్టారు. ఒక పెట్టె అయ్యాక పెద్దమేస్త్రి ఇంకో మేకు అందుకుంటూ అన్నాడు.

"ఆరోజు కొట్లో... నేను నీ చేతిలో ఉలి లాక్కున్నప్పుడు. ఒక్క మాట అంటే సరిపోయేది కదరా. 'పోయి ఆరో మెట్టు కింద చూసుకో' అంటే నా నోరు అక్కడే పడిపోయేది."

"నోటిదాకా వచ్చింది." తమ్ముడి సుత్తి ఆగింది. "నీ మొహం చూశాను. అంటే నువ్వు మళ్ళీ ఉలి పట్టవేమో అనిపించింది. మింగేశాను. అదేదో గొప్ప పని చేశాననుకోకు. ఇంటికెళ్ళాక, అనేసి ఉండాల్సిందని ఆరేళ్ళు రోజూ తిట్టుకున్నాను. నిన్ను కూడా కలిపి తిట్టాను, ఏం చేస్తాను?"

"తిట్టాల్సిందే."

"ఇంకా అయిపోలేదు. మిగిలింది కూడా ఉంది."

పెద్దమేస్త్రి తల ఊపాడు. తమ్ముడు పాత మేకును మళ్ళీ పైకెత్తాడు. ఈసారి పనివాడి చూపు.

"కానీ అన్నయ్యా, చూడు. మొన మొద్దు చేశాడు. చెక్క నారకి అడ్డంగా ఏటవాలుగా దించాడు. నూట ముప్పై ఏళ్ళు ఎన్ని కాళ్ళు తొక్కినా కదల్లేదు. ఇది మొదటిసారి మేకు పట్టిన చెయ్యి కాదు." నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఎన్ని కొట్టాడో మహానుభావుడు! బండి చక్రాలకీ నాగళ్ళకీ మేకులు లేకుండా అయ్యిందా? మెట్ల దగ్గరికొచ్చేసరికి పంతం పట్టాడు."

"వ్యాపారి ముందు నోరు జారాడు," అన్నాడు పెద్దమేస్త్రి.

"ఆ. మనింట్లో అందరికీ ఉన్నదే."

ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. పెద్దమేస్త్రికి నవ్వుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండు చేతుల్లో సుత్తీ మేకూ ఉండటంతో తుడుచుకోవడం కుదరలేదు. పదకొండు నెలలు. పదహారు మెట్లు పంతం నెగ్గించుకున్న ముసలాయన, కాదు, అప్పుడు ముసలాయన కూడా కాదు, ముప్పై ఏళ్ళవాడేమో, ఒకరోజు ఉలి గీత దాటాక ఆ మెట్టు ముందు ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఆయన్ని తలుచుకుంటే ఇన్నేళ్ళూ గుండె పొంగేదే తప్ప, పక్కన కూర్చోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఇవాళ అనిపించింది.

*

శనివారం గ్రంథాలయంలో మెట్లు నిలబెట్టారు. తమ్ముడు పొద్దున్నే వచ్చాడు. పొడుగు అతన్ని చూసి, తన టీ గ్లాసు అతని చేతిలో పెట్టి తను ఇంకోటి తెచ్చుకున్నాడు. అన్నదమ్ములు చెరో దూలం పట్టారు. పదహారు మెట్లూ వాటి వాటి గాళ్ళలో కూర్చున్నాయి. చీలలు బిగిశాయి.

ఆరో మెట్టు దగ్గర పెద్దమేస్త్రి కొత్త టేకు ముక్క ఒకటి బయటికి తీశాడు. గురువారం అంతా కూర్చుని, వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాడు దాన్ని. తమ్ముడు చూసి, "అద్భుతంగా ఉంది," అన్నాడు. "ఇది పెడితే మేకు అక్కర్లేదు."

"అక్కర్లేదు," అని పెద్దమేస్త్రి ఆ ముక్కను మళ్ళీ సంచీలో వేశాడు. "ఆయన పెట్టిన ముక్కే పెడదాం. మేకు నువ్వు దించు. నేను దించితే చెక్క చీలుతుంది."

తమ్ముడు మెట్ల కిందికి దూరాడు. పాత రంధ్రంలోనే, పాత మేకునే, నాలుగు దెబ్బల్లో దించాడు. పనివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరమ్మ లోపలికొచ్చింది.

"పలక చెక్కడం అయిందా మేస్త్రిగారూ?"

"కాలేదమ్మా. కాగితంలో ఒక మాట మార్చాలి."

"ఏ మాట?"

"'ఒక్క మేకు లేకుండా' అని రాశారు. 'ఒక్క మేకుతో' అని ఉండాలి."

ఆవిడకు అర్థం కాలేదు. పెద్దమేస్త్రి టార్చి ఆవిడ చేతికిచ్చి, ఎక్కడ చూడాలో చూపించాడు. ఆవిడ వంగి చూసి, లేచి, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుంది. "రాయకపోతేనేం?" అంది మెల్లగా. "ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది?"

"అలా అనుకునే మా ఇంట్లో ఇన్నాళ్ళూ దాచారు." పెద్దమేస్త్రి పనివాళ్ళ వైపు తిరిగాడు. నలుగురూ ఉన్నారు, ఆరోజు కొట్లో ఉన్న నలుగురూ. సంచీ పట్టీని ఒకసారి బిగించాడు, మళ్ళీ వదులు చేశాడు. "ఆరేళ్ళ కిందట మీ అందరి ముందూ వీణ్ణి ఒక మాటన్నాను. ఇది మన చెయ్యి కాదన్నాను. అది తప్పు. తప్పని చాటుగా చెబితే సరిపోదు కాబట్టి మీ ముందే చెబుతున్నాను. వీడు చేసింది మా తాతకు తాత చేసిందే. వీడి చెయ్యి మా ఇంటి చెయ్యే."

పొడుగు కిందికి వంగి, కిందేమీ లేకపోయినా ఏదో ఏరాడు.

తమ్ముడు మెట్ల కింద నుంచి బయటికొచ్చి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

బయటికొచ్చాక, వీధిలో నడుస్తూ పెద్దమేస్త్రి అడగాల్సింది అడిగేశాడు. "సోమవారం నుంచి కొట్టుకు రారా. నీ బల్ల అలాగే ఉంది."

"రాలేనన్నయ్యా."

పెద్దమేస్త్రి ఆగిపోయాడు. ఈ జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు.

"కోపం కాదు," అన్నాడు తమ్ముడు. "ఆరుగురు మనుషులున్నారు నా షెడ్డులో. పెట్టెలు కొట్టడం మొదట్లో చచ్చేంత సిగ్గనిపించేది. ఇప్పుడు బావుంది. ఆ పళ్ళు ఎక్కడెక్కడికో పోతాయి, ఒక్క పెట్టె కూడా దారిలో ఊడిందని ఇంతవరకూ మాట రాలేదు. అది నా పని." కాస్త ఆగి, "ఆదివారాలు వస్తాను, వదిన భోజనం పెడితే," అన్నాడు.

"పెట్టకేం." పెద్దమేస్త్రి మళ్ళీ నడక సాగించాడు. పళ్ళ బజారు మలుపు దగ్గర తమ్ముడు విడిపోవాలి.

"సోమవారం పెద్ద లోడు ఉంది," అన్నాడు తమ్ముడు అక్కడ నిలబడి. "ఇద్దరు మనుషులు ఊరెళ్ళారు. ఎలా అవుతుందో ఏమో."

"ఎన్నింటికి మొదలుపెడతారు?"

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదని తెలిశాక గొంతు కాస్త గట్టి చేసుకున్నాడు.

"ఆరింటికి. ఆలస్యమైతే ఊరుకోను. ఎవరైనా సరే."

"అలాగే మేస్త్రీ," అన్నాడు పెద్దమేస్త్రి.